తెల్వదు అను

ముప్పై ఒక్క ఏళ్లుగా వనపర్తి కోర్టు వరండాలో అటూ ఇటూ నడిచాడే తప్ప ఏనాడూ కూర్చోలేదు గనుక, ఈ సాక్షుల బెంచీ ఇంత ఇరుకని, దీని మూడో పలకలో మేకు తల పైకి లేచి తొడకు గుచ్చుకుంటుందని వకీలు అనంతయ్యకు ఇవాళే తెలిసింది. ఎంతమందిని కూర్చోబెట్టాడు దీని మీద! "ఆడనే కూసోండ్రి, పిలుస్తరు" అని వేలు చూపించి, కోటు ఎగరేసుకుంటూ లోపలికి పోయేవాడు. వాళ్లంతా గంటల తరబడి ఈ మేకు మీదే కూర్చున్నారన్నమాట. ఒక్కడైనా చెప్పలేదే. చెబితే మాత్రం వినేవాడా? వినడం అనేది ఈయనకు చేతకాని పని అని భార్య పుష్పమ్మ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది. పొద్దున ఆమె అలవాటు కొద్దీ కోటు దులిపి చేతికివ్వబోతే "ఇయ్యాల వద్దు" అన్నాడు. "కోర్టుకే గద పొయ్యేది?" అంది. కోర్టుకే. కోటు మాత్రం కొయ్యకే ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు తెల్లటి బ్యాండ్లు కట్టిన మెడ ఇప్పుడు బోసిగా, ఎవరిదో మెడలాగా ఉంది. పదకొండు దాటింది. పన్నెండులోపు పిలుస్తారు.

పిలిస్తే బోనెక్కి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. రెండున్నరేళ్ల కింద, రెండువేల అయిదు సెప్టెంబరు ఇరవై మూడున, ఇదే కోర్టులో కిష్టమ్మ చేత రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించినప్పుడు, పెళ్లయిన కూతురికి కూడా తండ్రి భూమిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ కొత్త చట్టం అమల్లోకి వచ్చి పద్నాలుగు రోజులైందని ఆమె వకీలుకు తెలుసా, తెలియదా? తెలియదంటే రాజీ నిలుస్తుంది. చట్టం తెలియకపోవడం సాకు కాదు, తెలియక చేసుకున్న ఒప్పందమైనా ఒప్పందమే, పెద్దమందడి దగ్గరి ఎనిమిదెకరాల చెలకా కిష్టమ్మ తమ్ముడు జంగయ్యకే పోతుంది. అనంతయ్య పేరు కాస్త మాసినా కోటు దక్కుతుంది, ముసలి వకీలుకు కొత్త చట్టం తెలియకపోతే నలుగురూ నవ్వి ఊరుకుంటారు. తెలుసంటే, సొంత వకీలే దాచిపెట్టి ఆమెను ముంచాడని రాజీ కొట్టుడుపోతుంది, నాలుగెకరాలు కిష్టమ్మకొస్తాయి, అనంతయ్య మీద ఫిర్యాదు హైదరాబాదులో బార్ కౌన్సిల్‌కు పోతుంది, కోటు ఇక కొయ్య దిగదు. లెక్క ఇంత తేటగా ఉన్నందుకు ఆయనకు ఒళ్లు మండింది. క్లయింట్లకు ఇలాంటి లెక్కలు చెప్పేటప్పుడు మధ్యలో ఏదో ఒక సందు వెతికి పెట్టేవాడు. ఇవాళ తన కోసం వెతికితే ఒక్క సందూ లేదు.

బెంచీకి ఆ చివర కిష్టమ్మే కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ల మనిషి, పాన్‌గల్ దగ్గర అత్తగారి ఊళ్లో కూలికి పోయి పోయి అరవై దానిలా అయింది. వస్తూ వస్తూ ఉడకబెట్టిన పల్లికాయ సంచీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆయన చేయించిన రాజీని కొట్టేయమని పిటిషన్ వేయించిన మనిషి ఆయనకే పల్లికాయ తేవడమేమిటి? తెచ్చింది. కేసుకొచ్చిన ప్రతిసారీ తెచ్చేది, ఇవాళా కేసే కదా అని తెచ్చి ఉంటుంది. "తిను సారూ, ఎప్పుడు పిలుస్తరో ఏమో" అంది. గుప్పెడు తీసుకుని ఒకటి ఒలిచాడు, మిగతావి చేతిలోనే ఉండిపోయాయి, వాటి తడి అరచేతికి అంటుతోంది.

తెలియదు. నిజంగానే తెలియదు కదా, అనుకున్నాడు. తెలిస్తే ఎందుకు చేస్తాడు? నెల నెలా లా జర్నల్ పోస్టులో వచ్చేది, గోధుమరంగు కాగితం చుట్టి, మీద ఆయన పేరు టైపు చేసి. ఒకప్పుడు పోస్టుమాన్ సైకిలు దిగకముందే ఎదురెళ్లి అందుకుని, వాకిట్లో నిలబడే చించి చదివేవాడు. తర్వాత్తర్వాత సాయంత్రం చదివాడు, ఆ తర్వాత ఆదివారాలు, చివరికి ఏడాదికోసారి నాగర్‌కర్నూల్లో బైండింగుకు ఇచ్చేముందు తిరగేయడం. ఎర్ర కాలికో బైండు, బంగారు అక్షరాలు, గోడ నిండా వరసగా. కొత్తగా వచ్చిన క్లయింట్లు ఆ గోడ చూసి చెప్పులు ఇంకో గజం వెనక విడిచేవారు. ఆ సెప్టెంబరు సంచిక ఏప్రిల్లో బైండింగు సర్దుతుంటే బయటపడింది, చుట్టిన కాగితం చుట్టినట్టే, మీద చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. ఆరున్నర నెలలు దాని మీద చాయ్ తాగాడు. చించి చూస్తే మొదటి పేజీలోనే ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, కిష్టమ్మ పేరు గుర్తు రాకూడదని చాలాసేపు ప్రయత్నం చేశాడు. చుట్టిన కాగితం సాక్ష్యానికి బలంగా పనికొస్తుంది, తెలియదనడానికి అంతకంటే రుజువేం కావాలి? ఇంట్లో పుష్పమ్మ అది పారేసిందో లేదో.

గద్వాలలో అట్లా కాదు. గద్వాలలో కొత్త చట్టం కాగితం జేబులో పెట్టుకుపోయినవాడు తానే. ఎనభై ఆరులో, తొమ్మిదేళ్ల ప్రాక్టీసు, మీసం నల్లగా ఉన్న రోజులు. పెళ్లి కాని ఆడపిల్లకు వాటా కావాలని ఒక కేసు, అవతలి పక్క వకీలు తన సొంత సీనియరే, నాలుగేళ్లు ఆయన ఫైళ్లు మోశాడు. రాష్ట్రం చట్టం మార్చింది, ఇరవై తొమ్మిది ఎ అని కొత్త సెక్షన్ పెట్టింది, ఎనభై అయిదు సెప్టెంబరు అయిదు నాటికి పెళ్లి కాని కూతురికి కొడుకుతో సమాన వాటా అని అనంతయ్య లేచి చెప్పాడు. "యాడిదయ్యా ఈ చట్టం? రాత్రి నువ్వే రాసినవా?" అన్నాడు సీనియర్. హాలంతా గొల్లుమంది. అప్పుడు జేబులోంచి గెజెట్ కాపీ తీసి జడ్జిగారికి అందించాడు. జడ్జి చదువుతున్నంతసేపూ హాల్లో నవ్వు మెల్లమెల్లగా ఇటునుంచి అటు జరిగిపోయింది. సీనియర్ కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు, ఎంత తుడిచినా పెట్టుకోడే. సాయంత్రం బస్టాండులో చాయ్ తాగుతూ తోటి కుర్ర వకీళ్ల ముందు ఆ గొంతు అనుకరించి చూపించాడు, యాడిదయ్యా ఈ చట్టం, అందరూ పడీ పడీ నవ్వారు, వెనక్కి తిరిగితే సీనియర్ సంచీ పట్టుకుని రాయచూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. విన్నాడు. "ఇర్లి బిడప్పా" అన్నాడు. పోనీలేరా అని. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి, మనసుకు కష్టమైతే అదే భాష వచ్చేది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఇటు చూడకుండా పోయాడు. ఆ రోజు ఆ మనిషి వయసు ఎంత? యాభై ఎనిమిది. ఇవాళ తనది యాభై ఎనిమిది. ఛీ, ఏం గుర్తొస్తుందో ఏమో, గుర్తొచ్చేదంతా తనకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతోంది.

ఆ కేసుతో ఆయన "ట్వంటీనైన్ ఎ సాబ్" అయిపోయాడు. ఇటు నాగర్‌కర్నూల్ నుంచి, అటు గద్వాల నుంచి ఆడవాళ్లు బస్సులు పట్టుకుని వచ్చేవారు. మెట్లెక్కిన ఆడమనిషిని పేరు కూడా అడగకముందే "లగ్గం ఎన్నడైంది?" అని అడిగేవాడు. ఎనభై అయిదు సెప్టెంబరు అయిదుకు ముందు అయితే లేదు, తర్వాత అయితే ఉంది. వాకిలి మధ్యలో ఒక గీత గీసి, ఆడవాళ్లను ఇటు కొందరిని అటు కొందరిని నిలబెట్టినట్టు. ఇరవై ఏళ్లు ఆ ఒక్క తారీఖు మీద బతికాడు. ఆ తారీఖుకు కాలం చెల్లుతుందని, ఢిల్లీలో ఎవరో కూర్చుని గీత చెరిపేస్తారని ఆయనకు కలలోనైనా తట్టలేదు. కిష్టమ్మ వచ్చి మెట్ల మీద నిలబడితే ఆమెనూ అదే అడిగాడు. "మా తమ్ముడు బడిల పడ్డ యాడాది సారూ" అంది. లెక్క వేస్తే ఎనభై ఒకటి. "నీకు లేదమ్మా" అన్నాడు. అగ్గిపుల్ల గీసినంత సేపు కూడా పట్టలేదు.

ఆమె పోలేదు. మెట్ల మీదే కూర్చుంది. కాలువ సర్వే రాళ్లు పాతారు, చెలకకు నీళ్లొస్తాయట, తండ్రి శాంతయ్య మంచం పట్టి ఉన్నాడు, తమ్ముడు మొత్తం తన పేర రాయించుకుంటున్నాడు, నాకు తల్లిగారింట్ల గుంట జాగ లేదా సారూ? సరే, దావా పడేద్దాం, నిలబడదు కానీ రాజీకన్నా వస్తారు అన్నాడు. దావా పడింది, తమ్ముడు మాట్లాడడం మానేశాడు, రెండేళ్లు వాయిదాలు నడిచాయి. ఒకసారి ఆమెనే బోనెక్కించాల్సి వస్తే ముందు రోజు ఆఫీసులో నేర్పించాడు. "అవతలి వకీలు అటుదిటు తిప్పి అడుగుతడు. పరేషాన్ కావద్దు. సమజ్ కాకపోతే తెల్వదు అను. సమజైనా ఫికర్ అనిపిస్తే తెల్వదు అను." రైతులకు, కూలీలకు, పంచాయితీ పెద్దలకు, ఒక బడిపంతులుకు కూడా నేర్పిన పాఠమే. బోనులో అంత పదిలమైన మాట మరొకటి లేదు. అబద్ధమని ఎవడూ రుజువు చేయలేడు. ఒక మనిషి మనసులో ఏముందో ఏ జడ్జి తవ్వి చూస్తాడు? కిష్టమ్మ ఎంత బాగా నేర్చుకుందంటే, అవతలి వకీలు "నీ పేరేంది" అన్నా "తెల్వదు" అంది. కోర్టు కోర్టంతా నవ్వింది, ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివరికి రాజీ కుదిరింది. ఆ రాజీ అంటే ఆయనకు ఎంత గర్వమో! నాలుగో షరతు తన సొంత చేతి రాత: అక్కను తమ్ముడు ఏడాదిలోపు ఒకసారి, ఆపైన మూడేళ్లకోసారి ఇంటికి పిలిచి, ఒడిబియ్యం పోసి, చీరా రైకా పెట్టి మర్యాదగా సాగనంపాలి, అందుకు ప్రతిగా అక్క భూమి మీద అన్ని హక్కులూ వదులుకుంటున్నది. జడ్జిగారు చదివి చిన్నగా నవ్వి, బాగుందండీ, కుటుంబాలు కలిపారు అన్నాడు. కిష్టమ్మ ఏడ్చింది. "భూమి లేకున్న ఏంది సారూ, తల్లిగారిల్లు ఉంటది" అని. ఆ ఏడుపు చూసి ఆయనకూ కళ్లు చెమర్చాయి. జంగయ్య ఒడిబియ్యం పోయలేదు. పిలవనే లేదు. తండ్రి చస్తే కబురు కూడా దినవారాలు అయిపోయాక పంపాడు. ఏడాదిన్నర చూసి ఆమె వచ్చి, "కోర్టు రాసింది గద సారూ, ఒడిబియ్యం పోపియ్యిండ్రి" అంది. ఏ పుస్తకంలో ఉంది ఆ పిటిషన్? జప్తుకు కోర్టు అమీనాను పంపొచ్చు, స్వాధీనానికి పంపొచ్చు. ఇంటి ఆడపడుచు ఒడిలో బియ్యం పోయమని తమ్ముడి చేయి పట్టి వంచడానికి ఎవరిని పంపాలి? ఎర్ర బైండ్ల గోడకు వీపు ఆనించి, "అట్లాంటిది అమలు కాదు కిష్టమ్మా" అన్నాడు. అదే రోజు ఆమె ఈ కోర్టు మెట్ల మీద ఏడుస్తుంటే తేజస్విని చూసింది.

తేజస్విని. ఆ పేరు దాకా రాకూడదనే ఇంతసేపూ చుట్టూ తిరిగాడు. రెండేళ్లు ఆయన దగ్గర జూనియర్, ఇవాళ కిష్టమ్మ తరఫు వకీలు. ఆ సెప్టెంబరు ఇరవై మూడు పొద్దున, కిష్టమ్మ బయట అరుగు మీద ఉండగా, లోపల బల్ల ముందు నిలబడి, "సార్, కొత్త సవరణ వచ్చింది సార్, తొమ్మిదో తారీఖు నుంచి అమల్లో ఉంది, పెళ్లి తారీఖుతో పని లేదంటున్నారు, ఈ రాజీ ఒక వాయిదా ఆపితే..." అంది. ఏమన్నాడు తను? మీసం దువ్వుకున్నాడు. "అమ్మా, మన రాష్ట్రానికి మన చట్టం ఉంది. ఇరవై ఏండ్ల కిందనే తెచ్చుకున్నం. ఢిల్లీవాళ్లు ఇప్పుడు నిద్రలేచి చేసుకున్నది లేనోళ్లకు. మనకు ఇరవై తొమ్మిది ఎ ఉండంగ అది మన కాడికి రాదు." ఎంత గట్టిగా చెప్పాడు! ముందు నడిచిన రాష్ట్రం వకీలు తప్ప దేశంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఆ అమ్మాయి ఇంకోసారి నోరు తెరవబోతే, "యాడిదమ్మా ఈ చట్టం, నువ్వు రాసినవా" అనలేదు గానీ, అదే గొంతుతో "క్లయింట్ ముందర ఇసొంటి ముచ్చట తేకు" అన్నాడు. ఆమె తేలేదు. నెల తిరక్కుండా వేరే ఆఫీసు పెట్టుకుంది.

సరే, పిల్ల చెప్పింది, నమ్మలేదు. నమ్మకపోతే తెలియనట్టే కదా? ఈ సందు చాలు. దీంట్లోంచి దూరిపోవచ్చు.

దూరనివ్వనిది ఆ మిరపకాయ బజ్జీ. ఆ మధ్యాహ్నం, వేలిముద్రకు ఇంకా గంటన్నర ఉందనగా, బార్ అసోసియేషన్ గదిలో ఎవరో బజ్జీలు తెప్పించారు. పొట్లం విప్పితే పది రోజుల నాటి పేపరు. నూనె తడిసి అక్షరాలు ఇంకా నల్లగా, ఇంకా స్పష్టంగా కనిపించాయి. ఏ రాష్ట్రంలోనైనా, పెళ్లి ఎప్పుడైనా, కూతురికి కొడుకుతో సమాన హక్కు. ఏ రాష్ట్రంలోనైనా. రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోయి బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు. లేచి లోపలికి పోయి వాయిదా అడగడానికి పది అడుగులు చాలు. ఆ పది అడుగుల్లో ఏముంది? తేజస్విని ముఖం ఉంది. జడ్జిగారి కోసం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న నాలుగో షరతు ఉంది. గోడ నిండా ఎర్ర బైండ్లున్నాయి. ఇరవై ఏళ్ల సాబు, రెండేళ్ల జూనియర్ పిల్ల చెప్పింది నిజమేనని అందరి ముందూ ఒప్పుకోవడం ఉంది. కాగితాన్ని ఉండ చేసి, దాంతోనే వేళ్ల నూనె తుడుచుకుని, కిటికీలోంచి విసిరేశాడు. జంగయ్య దగ్గర పైసా తీసుకోలేదు. తీసుకుని ఉంటే కనీసం మనిషికి ఆశ అనే కారణమైనా ఉండేది. నాలుగెకరాలు, ఒక ఆడమనిషి ముసలితనం, తను ఒక పిల్ల ముందు తల వంచలేనందుకు పోయాయి.

"అన్నా." జంగయ్య తరఫు వకీలు నిరంజన్ వచ్చి వంగి చెవిలో అన్నాడు. బెల్లం కలిపిన గొంతు. "జర ధైర్యంగ ఉండు. తెల్వదు అను, అయిపోతది. నీకేం గాదు. వయసు మీద పడినంక ఎవరికి తెలుస్తున్నయన్నా ఈ కొత్త చట్టాలు?" భుజం తట్టి పోయాడు. ముసలి ఎద్దును తట్టినట్టు తట్టాడు. తేజస్విని లోపలికి పోతూ ఆగింది. ఆమె ఏదైనా అడుగుతుందేమోనని, బతిమాలుతుందేమోనని, బతిమాలితే కోపం తెచ్చుకుని దాని మీద తేలిపోవచ్చని చూశాడు. "మీకు మంచినీళ్లు కావాలా సార్?" అంది. వద్దన్నాడు.

కిష్టమ్మ ఇటు జరిగింది. "ఏమంటుండు సారూ ఆ వకీలు?"

"ఏం లేదు."

"నువ్వు భయపడకు. నిన్న తేజస్వినమ్మ ఏమేమో జెప్పింది, నాకు సమజ్ గాలే. నాకొకటే ఎరుక. నీకు తెల్వక అయ్యింది. తెలిస్తె నాకు జెప్పకుంట ఉంటవా? తెల్వకుంట అయినదానికి మనిషినేమంటం?" గొంతు తగ్గించింది. "గట్ల తిప్పి తిప్పి అడిగితే తెల్వదు అను. నువ్వే నేర్పినవ్ గద. భూమిదేముంది, ఒస్తె ఒస్తది, పోతె పోతది. నా వల్ల నీకు తిప్పలొద్దు."

అరచేతిలో పల్లికాయలు చల్లబడ్డాయి. ఈమె తిట్టి ఉంటే ఎంత బాగుండేది! మన్నెత్తి పోసి ఉంటే, తన పేరు చెప్పి ఉమ్మి ఉంటే, ఆ కోపంలో తనూ మొండికేసి బోనెక్కేవాడు. ఈమె మన్నించి కూర్చుంది. ఏ తప్పును మన్నించిందో ఆ తప్పు తను చేయలేదు. చేసింది వేరే, దాన్ని మన్నించమని అడిగే ముఖం లేదు. తెలియదంటే ఈమె దృష్టిలో మంచివాడిగా మిగిలి ఈమె భూమిని మింగుతాడు. తెలుసంటే భూమి ఇచ్చి ఈమెను పోగొట్టుకుంటాడు.

"అనంతయ్యా! అనంతయ్యా! అనంతయ్యా!"

అటెండర్ మూడు కేకలు వేశాడు. ఇన్నేళ్లూ "నమస్తే సాబ్" అని తలుపు తీసి పట్టుకున్న మనిషే. సాక్షిని గారు అని పిలిచే పద్ధతి లేదు, అతని తప్పేం లేదు. లేచేటప్పుడు మేకుకు పట్టుకుని ప్యాంటు సన్నగా చిరిగింది. చేతిలోని పల్లికాయలు తిరిగి సంచీలో పోశాడు. బోను రెండు మెట్లు. దేవుని ఎదుట నిజం చెబుతానన్నాడు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, వయసు చెప్పాడు. వృత్తి అడిగితే "వకీలు" అన్నాడు. టైపు మిషను టకటకలాడింది. ఇక్కణ్నుంచి హాలు మరోలా కనిపిస్తుంది, జడ్జి దగ్గరగా, తలుపు దూరంగా. తలుపులో కిష్టమ్మ నిలబడి ఉంది.

తేజస్విని కాగితం చూడకుండానే అడిగింది. "రాజీ మీద పిటిషనర్ వేలిముద్ర వేసే సమయానికి, పెళ్లయిన కూతుళ్లకు కూడా సమాన హక్కు ఇస్తూ చట్టం మారిందని మీకు తెలుసా?"

మాట నాలుక మీదికి వచ్చేసింది. వందల మంది నోట్లో తాను పెట్టిన మాట, తన నోట్లోకి రావడానికి ఒక్క క్షణం పట్టలేదు. నిరంజన్ కళ్లతో చెబుతున్నాడు. తలుపులోంచి కిష్టమ్మ పెదవులు కదిపి చూపిస్తోంది, తెల్వదు, తెల్వదు అను సారూ, పంతులు పలక మీద రాయించినట్టు.

"తెలుసు" అన్నాడు.

"కొంచెం గట్టిగా" అన్నాడు జడ్జి.

"తెలుసు. ఆ పొద్దున జూనియర్ చెప్పింది. మధ్యాహ్నం పేపర్ల నేనే చదివిన. నా క్లయింటుకు చెప్పలేదు."

జడ్జి ఆ మాటలను ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకు చెప్పాడు. తేజస్విని తల దించుకుంది, గెలిచిన మనిషిలా లేదు. నిరంజన్ గబగబా ఏదో రాసుకుంటున్నాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆయన చూశాడు.

"తెలిసి ముద్ర ఏపిచ్చినవా సారూ?"

తలుపు దగ్గర్నుంచి. కేక కాదు, మామూలు గొంతు, అయినా హాలంతా వినిపించింది. అటెండర్ ఉష్షని చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదుగా ఆయన్నే చూస్తూ, "ఎందుకు సారూ?" అంది. అది ఎవరూ రాసుకునే ప్రశ్న కాదు, టైపిస్టు వేళ్లు ఆగే ఉన్నాయి. జవాబు చెప్పనక్కర్లేదు, ఏ చట్టమూ ఆయన్ను బలవంతపెట్టదు. బోను కర్ర పట్టుకుని అనంతయ్య ఒక కారణం కోసం వెతికాడు.

"తెల్వదు" అన్నాడు.

కిష్టమ్మ తల ఊపింది. వెనక్కి తిరిగి, బెంచీ మీది పల్లికాయ సంచీ తీసుకుని, దాని మూతికి ముడివేసి వరండా దిగి వెళ్లిపోయింది.